108లో ఈఎంటీగా చేరాలనుకుంటున్నారా, అయితే ముందు ఇవి నేర్చుకోండి

డిగ్రీ అయిపోయింది, 108లో పోస్టులు పడ్డాయంట, వెళ్ళమంటావా అన్నా అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. ఈఎంటీ అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, 108 అంబులెన్స్‌లో పేషెంట్‌ని చూసుకునే మనిషి. అందరి భయం ఒకటే, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో, మందుల పేర్లు గుర్తుండవు, ఎట్టా అని. మందులు ట్రైనింగ్‌లో నేర్పుతారు, బండిలో ఉండేవి కూడా వందలేం కాదు, దాని గురించి నిద్ర మానుకోవాల్సిన పని లేదు. కష్టమంతా వేరే చోట ఉంది. రాత్రి రెండింటికి ముక్కూమొహం తెలీని ఇంట్లోకి వెళ్ళి, చుట్టూ పాతికమంది అరుస్తా ఉంటే, ఒక మనిషి ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు తీస్తున్నాడో లెక్కపెట్టాలి. అది ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే చదువు గురించి కొంచెం, పని గురించి ఎక్కువ రాస్తున్నా.

ముందు ఎవరు ఏంటో తెలుసుకోండి

108 హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది, తర్వాత దేశంలో చాలా రాష్ట్రాలకి పాకింది. ప్రభుత్వం డబ్బిస్తది, నడిపేది ఒక సంస్థ. అంటే మీ ఒంటి మీద యూనిఫాం ఉన్నా, బండి మీద సీఎం ఫొటో ఉన్నా, మీరు గవర్నమెంట్ ఉద్యోగి కాదు, ఈ ఒక్క ముక్క ఇంట్లో వాళ్ళకి, ముఖ్యంగా సంబంధాలు చూసే పెద్దవాళ్ళకి మొదటిరోజే చెప్పేయండి, తర్వాత గొడవలుండవు.

బండిలో ఇద్దరే, వెనకాల ఈఎంటీ, ముందు పైలట్. డ్రైవర్ అనకూడదు, పైలట్ అనే అంటారు, వాళ్ళకి కూడా అదే ఇష్టం. ఫోన్ ఎత్తేవాళ్ళు వేరే ఉంటారు, కాల్ సెంటర్లో కూర్చుని ఊరు, పేషెంట్ పరిస్థితి కనుక్కుని దగ్గర్లో ఉన్న బండికి కేసు పంపిస్తారు. వాళ్ళతో పాటు ఒక డాక్టర్ కూడా ఉంటారు, ఈఆర్‌సీపీ అంటాం, ఇంజెక్షన్ ఇవ్వాలన్నా, ఏదన్నా డౌట్ వచ్చినా ఆ డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగి, వాళ్ళు చెప్పింది, వాళ్ళ ఐడీ రాసుకుని చెయ్యాలి. రోడ్డు మీద తిరగడం పడదు అనుకునేవాళ్ళు కాల్ సెంటర్ పోస్టులు చూడండి, అదీ ఎమర్జెన్సీ పనే, పైగా ఎండా వానా ఉండవు, కాకపోతే రోజంతా ఏడుపులు, కేకలు చెవిలో పడుతుంటాయి, అది అందరి వల్లా కాదు.

బండ్లలో బీఎల్ఎస్ అంటే మామూలు అంబులెన్స్, ఏఎల్ఎస్ అంటే వెంటిలేటర్, గుండెకి షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ ఉండేది. పసిపిల్లలకి నియోనేటల్ బండ్లు వేరే ఉంటాయి. 102 గర్భిణులని, బాలింతలని తీసుకెళ్ళేది, 104 ఊళ్ళకి వెళ్ళి మందులిచ్చేది, 1962 పశువులకి. వీటి పోస్టులన్నీ కలిపి ఒకే నోటీసులో పడతాయి ఒక్కోసారి, చదవకుండా అప్లై చేసి 104లో చేరి, సైరన్ ఏది అన్నా అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు.

చదువు, ఇంటర్వ్యూ

ఎక్కువగా అడిగేది బీఎస్సీ లైఫ్ సైన్సెస్, బీఎస్సీ నర్సింగ్, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా), బీ ఫార్మసీ, డీ ఫార్మసీ, డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) లాంటివి. నోటీసుకి నోటీసుకి కొంచెం మారుతుంటది కాబట్టి ఆ టైముకి పడిన నోటీసే చూడండి, పక్కింటి వాడు మూడేళ్ళ కింద ఏ చదువుతో చేరాడో వద్దు. ఇంకా ఇంటర్ బైపీసీలో ఉన్నవాళ్ళు అయితే నేరుగా బీఎస్సీలో ఎమర్జెన్సీ, ట్రామా కేర్ వైపు కోర్సులు ఉన్నాయి, అవి చూసుకోండి, ఎందుకంటే 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టంలో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్ అనే వృత్తిని కూడా పేరు పెట్టి చేర్చారు, ముందు ముందు రిజిస్ట్రేషన్ ఉన్న చదువుకే విలువ పెరుగుద్ది. బోటనీ జువాలజీ డిగ్రీతో చేరినవాళ్ళకి పని వస్తది కానీ బయటికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం సరిపోదు, దీని సంగతి చివర్లో చెప్తా.

ఇంటర్వ్యూ సాధారణంగా వాకిన్, జిల్లా కేంద్రంలో పెడతారు. ఒరిజినల్స్, రెండు సెట్ల జిరాక్స్, ఆధార్, ఫొటోలు. అడిగేవి మామూలువే. పెద్దవాళ్ళకి నార్మల్ పల్స్ ఎంత, పసిపిల్లకి ఎంత, షుగర్ పడిపోతే ఎట్టా గుర్తుపడతావు, సీపీఆర్ ఎట్టా చేస్తావు. సీపీఆర్ అంటే గుండె ఆగినవాడికి ఛాతీ నొక్కి, ఊపిరి అందించడం, అది నోటితో చెప్పడం కాదు, బొమ్మ మీద చేసి చూపించమంటారు, ఛాతీ మధ్యలో, పెద్దవాళ్ళకి కనీసం 5 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120, ముప్పై నొక్కుళ్ళకి రెండు శ్వాసలు. చాలామంది స్పీడ్ బాగానే చేస్తారు కానీ ప్రతి నొక్కుడు తర్వాత ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వరు, చూసేవాళ్ళు అదే చూస్తారు. ఇంకోటి, నైట్ డ్యూటీ చేస్తావా, వేరే మండలం వేస్తే వెళ్తావా అని అడుగుతారు, అక్కడ నసిగితే అయిపోయింది.

లక్ష ఇస్తే 108లో వేయిస్తా అనే వాళ్ళు ప్రతి జిల్లాలో ఉంటారు. ఇవ్వొద్దు. జీతం చూస్తే ఆ లక్ష రావడానికే ఎంతకాలం పడుద్దో లెక్కేసుకోండి. జీతం ఊసొచ్చింది కాబట్టి, 2020 జులై 1న విజయవాడ బెంజ్ సర్కిల్‌లో 108, 104 కలిపి 1088 బండ్లు ఒకేసారి మొదలుపెట్టినప్పుడు ఆంధ్రాలో సర్వీసుని బట్టి ఈఎంటీకి 30 వేల దాకా, పైలట్‌కి 28 వేల దాకా అని ప్రకటించారు, "దాకా" అనే మాటని గట్టిగా చదవండి, కొత్తగా చేరినవాడికి అది కాదు. ఆఫర్ లెటర్ మీద చేతికొచ్చేది ఎంత, పీఎఫ్, ఈఎస్ఐ పోను ఎంత అని అడిగి రాయించుకోండి.

చేరే లోపు ఇంట్లో కూర్చుని నేర్చుకోవాల్సినవి

బీపీ మాన్యువల్‌గా చూడటం. డిజిటల్ మెషిన్ కదిలే బండిలో పిచ్చి నంబర్లు చూపిస్తది, సైరన్‌లో స్టెతస్కోప్‌కి ఏం వినపడదు. అప్పుడు చేతి మణికట్టు దగ్గర నాడి పట్టుకుని కఫ్‌లో గాలి ఎక్కించి, తగ్గిస్తా ఉంటే నాడి మళ్ళీ ఎక్కడ తగుల్తదో ఆ నంబర్, అదే పై బీపీ, కింద నంబర్ రాకపోయినా పర్లేదు. ఇంట్లో అమ్మకి, నాన్నకి, వచ్చినవాళ్ళందరికీ చూడండి, వద్దనేదాకా చూడండి.

రెండోది భాష. ఇది ఎవరూ చెప్పరు. కుప్పం వైపు వేస్తే తమిళం, ఆదిలాబాద్ వైపు వేస్తే మరాఠీ, గోండీ, ఇచ్ఛాపురం దగ్గర ఒడియా, హైదరాబాద్ పాతబస్తీలో ఉర్దూ. పూర్తిగా రాకపోయినా నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, ఊపిరి ఆడుతుందా, ఏమన్నా తాగాడా, ఎన్నో నెల, ఈ ఐదు ప్రశ్నలు ఆ భాషలో నేర్చుకుంటే చాలు సగం పని అయిపోద్ది.

మూడోది నడుం. పేషెంట్‌ని ఎత్తడం చేతులతో కాదు కాళ్ళతో, మోకాళ్ళు వంచి, స్ట్రెచర్ ఒంటికి దగ్గరగా పెట్టుకుని, పైలట్‌తో ఒకటి రెండు మూడు అని పైకే లెక్కపెట్టి. పల్లెల్లో పాత ఇళ్ళు, ఇరుకు మెట్లు, మంచం తిరగని గుమ్మాలు, ఇక్కడ స్ట్రెచర్ పట్టదు, కుర్చీలో కూర్చోబెట్టి దించాల్సి వస్తది. ఈ ఉద్యోగం మానేసే వాళ్ళలో జీతం వల్ల మానేసేవాళ్ళ తర్వాత నడుం వల్ల మానేసేవాళ్ళే ఎక్కువ అని నా లెక్క.

నాలుగు, హెపటైటిస్ బి టీకా. మూడు డోసులు, మొదటిది వేసుకున్న నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. చేరాక వేయించుకుందాంలే అనుకోవద్దు. ఒకవేళ డ్యూటీలో సూది గుచ్చుకుంటే సబ్బు నీళ్ళతో కడిగి, దాచకుండా వెంటనే రిపోర్ట్ చేసి, దగ్గర్లో గవర్నమెంట్ ఆస్పత్రిలో హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు మొదలుపెట్టాలి, ఎంత తొందరైతే అంత మంచిది, 72 గంటలు దాటితే ఉపయోగం లేదు, 28 రోజులు వాడాలి.

షిఫ్ట్ ఎక్కగానే

పన్నెండు గంటల డ్యూటీ. పాత షిఫ్ట్ వాడు అంతా ఓకే అన్నా అని తాళం ఇచ్చి వెళ్ళిపోతాడు. నమ్మొద్దు అనట్లేదు, చూసుకోండి అంటున్నా. ముందు ఆక్సిజన్. చేత్తో మోసుకెళ్ళే బి టైప్ సిలిండర్ నిండుగా ఉంటే దాదాపు 1500 లీటర్లు, బండిలో బిగించి ఉండే డి టైప్ అయితే దాదాపు 7000. మీటర్ ముల్లు 150 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. చిన్నదాంట్లో ముల్లు 50 దగ్గర ఉందనుకోండి, మూడో వంతు, అంటే 500 లీటర్లు, నిమిషానికి 10 లీటర్లు పెడితే 50 నిమిషాలు. మీ బేస్, అంటే కేసు కోసం బండి ఆగి ఉండే చోటు, అక్కడి నుంచి జిల్లా ఆస్పత్రి గంటంపావు అయితే? ఈ లెక్క ఎక్కగానే వేసుకోవాలి, పేషెంట్ ఎక్కాక కాదు.

తర్వాత నోట్లో చేరిన వాంతి, ఉమ్ము లాగే సక్షన్ మెషిన్ ఆన్ చేసి వేలు పెట్టి చూడాలి లాగుతుందా లేదా. చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్‌కి పెద్దవాళ్ళ మాస్క్, పిల్లల మాస్క్ రెండూ ఉన్నాయా. షుగర్ స్ట్రిప్పుల డేట్. డెలివరీ కిట్ సీల్. మెడ కదలకుండా పెట్టే సర్వికల్ కాలర్లు ఎప్పుడూ పెద్ద సైజే మిగులుతాయి, మీడియంవి ఆస్పత్రి క్యాజువాలిటీలో పేషెంట్‌తో పాటే ఉండిపోతాయి, వెళ్ళినప్పుడు అడిగి తెచ్చుకోండి. స్ట్రెచర్ లాక్ పడుతుందో లేదో ఒకసారి ఖాళీగా లాగి చూడండి. డీజిల్, టైర్లు పైలట్ చూసుకుంటాడు, కానీ పక్కన నిలబడండి, వాళ్ళ పని మీరు చూస్తే మీ పని వాళ్ళు చూస్తారు, పన్నెండు గంటలు ఇద్దరే ఉండాలి మరి.

కేసు వచ్చాక

బండి కదలగానే ఫోన్ చేసినవాళ్ళకి మీరే మళ్ళీ ఫోన్ చేయండి. రెండు పనులు అవుతాయి, దారి తెలుస్తది, పేషెంట్ పరిస్థితి తెలుస్తది. మన ఊళ్ళలో డోర్ నంబర్ చెప్పేవాడుండడు, రామాలయం పక్కన, వాటర్ ట్యాంక్ ఎదురు, పాత సర్పంచి గారి ఇల్లు, ఇవే అడ్రసులు. మెయిన్ రోడ్డు మీద మలుపు దగ్గర ఒక మనిషిని సెల్ లైట్ వేసుకుని నిలబడమని చెప్పండి, ఇదొక్కటీ చేస్తే ఎంతో టైం కలిసొస్తది. ఆంధ్రాలో పెట్టుకున్న లెక్క టౌన్లో 15 నిమిషాలు, పల్లెల్లో 20, ఏజెన్సీలో 30, ఆ నిమిషాల్లో సగం ఊళ్ళోకొచ్చాక సందులు వెతుక్కోవడంలోనే పోతాయి. ఏజెన్సీలో అయితే బండి ఆగిపోయిన చోటి నుంచి డోలీ మోసుకొచ్చేదాకా చూడాలి, లేదా మీరే కొండెక్కాలి, బండి వెళ్ళలేని దారుల్లో పేషెంట్‌ని తెచ్చే ఫీడర్ బైకులు ఉన్నచోట కొంచెం నయం. అటువైపు పోస్టింగ్ వస్తే బూట్లు మంచివి కొనుక్కోండి, ఇచ్చిన బూట్లు అక్కడ పనికిరావు.

ఫోన్లో ఊపిరి లేదు అంటే దారిలోనే సీపీఆర్ చెప్పడం మొదలుపెట్టండి, ఛాతీ మధ్యలో చేతులు పెట్టి గట్టిగా నొక్కమ్మా, నేను లెక్కపెడతా నువ్వు నొక్కు అని. ఆపొద్దు అని కూడా చెప్పాలి, లేకపోతే సైరన్ వినపడగానే ఆపేసి గుమ్మంలోకి వచ్చేస్తారు.

యాక్సిడెంట్ అయితే దిగే ముందు ముప్పై సెకన్లు చూడండి. కరెంటు తీగ తెగిందా, డీజిల్ కారుతుందా, వెనక నుంచి లారీలు ఆగుతున్నాయా. హైవే మీద బండిని ప్రమాదం జరిగిన చోటు దాటకుండా, ట్రాఫిక్ వచ్చే వైపు, కొంచెం వాలుగా ఆపమని పైలట్‌కి చెప్పండి, మీరు కింద కూర్చుని పని చేసుకునేటప్పుడు మీకూ లారీకి మధ్య బండి ఉండాలి. విజయవాడ–హైదరాబాద్ రోడ్డు మీద తెల్లవారుజామున డ్రైవర్లందరికీ నిద్ర కళ్ళే.

ఇక జనం. దీనికి నాకు తెలిసిన మంత్రం ఒకటే, పని చెప్పడం. జరగండి జరగండి అని అరిస్తే ఎవడూ జరగడు, పైగా తిరగబడతారు. అందర్లోకి గట్టిగా అరుస్తున్నవాడిని చూసి, అన్నా నువ్వు టార్చి పట్టుకో, బాబాయ్ నువ్వు వెనకాల బండ్లు ఆపు, అక్కా ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని మాట్లాడుతా ఉండు అనండి, అరిచేవాడే మీ మనిషి అయిపోతాడు. కేసు పెడతారేమో అని పట్టుకోడానికి భయపడేవాళ్ళకి, 2019లో మోటారు వాహనాల చట్టంలో సాయం చేసేవాళ్ళకి రక్షణ పెట్టారు, పేరు కూడా చెప్పక్కర్లేదు అని ఒక మాట చెప్పండి, ముందుకొస్తారు.

ఎక్కువగా వచ్చే కేసులు

పురుగుమందు. ఇది మన రైతు జిల్లాల్లో ఏడాదంతా ఉంటది. వెళ్ళగానే డబ్బా ఏది అని అడగండి, ఖాళీదైనా సరే కవర్లో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, డాక్టర్‌కి సగం సమాధానం దాంట్లోనే ఉంటది. అప్పటికే ఉప్పు నీళ్ళో, సబ్బు నీళ్ళో తాగించి వాంతి చేయిస్తా ఉంటారు, ఆపించండి, స్పృహ సరిగ్గా లేనివాడికి వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే మందు కంటే అదే చంపుద్ది. గ్లౌజులు వేసుకుని బట్టలు తీసేయాలి, ఒళ్ళు కడగాలి, బండి అద్దాలు తీసి పెట్టుకోండి, ఆ వాసన మీక్కూడా మంచిది కాదు. కంటి పాపలు గుండుసూది మొనంత చిన్నవైపోయి, నోటి నుంచి నురగ, చెమట, ఇట్టాంటివి ఉంటే ఆర్గానోఫాస్ఫరస్ రకం పురుగుమందు అనుకుని వెంటనే ఈఆర్‌సీపీకి ఫోన్ చేయాలి, దానికిచ్చే ఇంజెక్షన్ అట్రోపిన్ ఎంత ఇవ్వాలో వాళ్ళు చెప్తారు. పారాక్వాట్ అనే గడ్డిమందు అయితే వ్యవహారం వేరు. అలవాటు కొద్దీ ఆక్సిజన్ మాస్క్ పెట్టేయకండి, ఆక్సిజన్ ఎక్కువిస్తే ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయి, శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, బాగా పడిపోతేనే, డాక్టర్‌ని అడిగే పెట్టాలి. తాగినవాడు మొదటిరోజు బాగానే మాట్లాడుతుంటాడు, ఇంట్లోవాళ్ళు ఏం కాలేదు ఇంటికి తీసుకెళ్తాం అంటారు, వదలొద్దు.

పాము కాటు. కాటు పైన తాడు బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. ఉంగరాలు, గాజులు, పట్టీలు, మెట్టెలు తీయించాలి, వాపు వచ్చాక రావు, మెట్టెలు తీయడానికి అత్తగారు ఒప్పుకోరు ఒక్కోసారి, ఓపిగ్గా చెప్పండి. అప్పటికే గట్టిగా తాడు కట్టేసి ఉంటే అక్కడ టక్కున విప్పకండి, డాక్టర్‌తో మాట్లాడి, విరుగుడు మందు ఉన్నచోట విప్పించాలి. కాలు కదలకుండా బద్ద ఆసరాగా పెట్టి, బిగించకుండా కట్టి, కాటు పడ్డ టైము రాసుకోండి. పామును చంపి తేవాల్సిన పని లేదు, మన దగ్గరున్న విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి లాంటి నాలుగు ముఖ్యమైన వాటికి కలిపి ఒకటే. కట్లపాముతో జాగ్రత్త. నేల మీద పడుకున్నవాళ్ళని రాత్రి కరుస్తది, నొప్పి ఉండదు, వాపు ఉండదు, తెల్లారి కడుపులో నొప్పి అంటారు, గ్యాస్ అనుకుంటారు. కళ్ళు పూర్తిగా తెరువు అని అడగండి, రెప్పలు వాలిపోతుంటే ఆంబూ బ్యాగ్ చేతిలో పెట్టుకునే బయల్దేరండి.

కాన్పు. దారిలో తల కనపడుతుంటే స్పీడ్ పెంచమని చెప్పకండి, బండి పక్కకి ఆపించండి, కదిలే బండిలో కాన్పు చేయడం ఇద్దరికీ ప్రమాదం. ఆశా వర్కర్ వెంట ఉంటే మీ అదృష్టం. ఏసీ ఆపేయాలి, ఇది చాలామంది మర్చిపోతారు, బిడ్డకి చలే పెద్ద శత్రువు. బిడ్డ బయటికి రాగానే పొడిగా తుడిచి, తల్లి ఛాతీ మీద వేసి, ఇద్దరి మీదా కప్పాలి, బిడ్డ బాగా ఏడుస్తా ఉంటే బొడ్డు కోయడానికి నిమిషం ఆగొచ్చు. మాయ పడ్డాక పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడిందో లేదో చూడండి, మెత్తగా ఉంటే గట్టిపడేదాకా రుద్దుతా ఉండాలి, రక్తం ఎంత పోతుందో చూస్తా ఉండాలి. పుట్టిన టైము మాత్రం గంట, నిమిషంతో సహా వెంటనే రాయండి. బర్త్ సర్టిఫికెట్‌కే కాదు, తర్వాత వాళ్ళ తాతగారు మీ నంబర్ కనుక్కుని మరీ ఫోన్ చేస్తారు, జాతకం రాయించాలి బాబూ కరెక్ట్ టైం ఎంత అని.

చనిపోయిన కేసు. వెళ్ళేసరికి అయిపోయి ఉంటది, ఒళ్ళు బిగిసిపోయి ఉంటది. చనిపోయాడు అని తేల్చి చెప్పే అధికారం మనకి లేదు, డాక్టర్‌కి ఫోన్ చేసి చూసింది చూసినట్టు చెప్పి వాళ్ళ మాట ప్రకారం నడవాలి. 108లో శవాలని తీసుకెళ్ళం, దానికి మహాప్రస్థానం లాంటి బండ్లు వేరే. ఇది చెప్పేటప్పుడు రూల్ లాగా చెప్పకండి. ఇంటి పెద్దని పక్కకి పిలిచి, కూర్చోబెట్టి, నెమ్మదిగా చెప్పండి, తిట్టినా వినండి, పైలట్‌ని మాత్రం బండి బయటికి తిప్పి పెట్టమని ముందే చెప్పుకోండి.

ఆస్పత్రి, కాగితాలు

ఎక్కడికి తీసుకెళ్ళాలి అనే దగ్గర గొడవ మొదలవుద్ది. ఆ కేసుని చూడగలిగే దగ్గరి ఆస్పత్రి, అంతే. ఫలానా ప్రైవేట్ ఆస్పత్రికి కేసు తెస్తే కవర్ ఇస్తాం అనేవాళ్ళు మీకు తగులుతారు, మొదటి నెలలోనే తగులుతారు, టీ కూడా తాగకండి వాళ్ళ దగ్గర. ఒకసారి తీసుకుంటే తర్వాత పేషెంట్ ఎటు వెళ్ళాలో వాళ్ళే చెప్తారు.

క్యాజువాలిటీలో అప్పజెప్పేటప్పుడు కథ చెప్పకండి, వినే ఓపిక అక్కడ ఎవరికీ ఉండదు. వయసు, ఏం జరిగింది, ఎప్పుడు, ఇప్పుడు బీపీ, పల్స్, శాచురేషన్, షుగర్ ఎంత, మేం ఏం ఇచ్చాం. ఇరవై సెకన్లు. తర్వాత పీసీఆర్, అంటే పేషెంట్ వివరాలు, మనం చేసింది రాసే కాగితం, దాని మీద సంతకం. బెడ్ ఖాళీ లేదు, మీ స్ట్రెచర్ మీదే ఉంచండి అంటారు, అరగంట, గంట, ఈలోపు మీ మండలంలో ఇంకో కాల్ వస్తది, అందుకే వచ్చిన టైము, అప్పజెప్పిన టైము రెండూ రాయండి, లేటు ఎవరిదో రేపు ఎవరన్నా అడిగితే కాగితమే మాట్లాడాలి.

పీసీఆర్ నిర్లక్ష్యంగా రాస్తే ఎప్పుడో ఒకరోజు కోర్టు నుంచి సమన్లు వచ్చినప్పుడు తెలుస్తది. యాక్సిడెంట్, కొట్లాట, పురుగుమందు తాగిన కేసు, కాలిన కేసు, ఇవన్నీ పోలీసు కేసులే. చూసింది రాయండి, అనుకున్నది రాయకండి. తాగి ఉన్నాడు అని రాయొద్దు, నోటి నుంచి మద్యం వాసన వచ్చింది అని రాయండి. భర్త తగలబెట్టాడు అని రాయొద్దు, ఆమె ఇట్టా చెప్పింది అని ఆమె మాటల్లోనే రాయండి. పేషెంట్ రాను అంటే రానన్నట్టు సంతకం, పక్కన సాక్షి సంతకం, డాక్టర్‌కి చెప్పినట్టు టైము.

ఆడపిల్లలు అడుగుతున్నారు, మేం చేయగలమా అని. చేస్తున్నారు, బాగా చేస్తున్నారు, కాన్పు కేసుల్లో అయితే ఇంట్లోవాళ్ళు మిమ్మల్ని చూడగానే సగం కుదుటపడతారు. కానీ చేరే ముందు బేస్ లొకేషన్ ఎక్కడో కనుక్కోండి, పీహెచ్‌సీనా, పోలీస్ స్టేషనా, రోడ్డు పక్కన చెట్టు కిందా, రాత్రి బాత్రూం ఉందా, తాళం ఉందా. అడగడానికి సిగ్గుపడొద్దు, పైలట్ ఎవరో కూడా ముందే మాట్లాడుకోండి.

ఇక్కడి నుంచి ఎటు

లోపలే పెరగాలంటే జిల్లా ఎగ్జిక్యూటివ్ పోస్టులు, ట్రైనర్ పోస్టులు ఉంటాయి, తక్కువ ఉంటాయి. బయట అయితే పెద్ద ఆస్పత్రుల ఎమర్జెన్సీ వార్డులు, పరవాడ, జడ్చర్ల వైపు ఫార్మా కంపెనీల్లో ఫస్ట్ ఎయిడ్ సెంటర్లు, అక్కడ పని తక్కువ, జీతం టైముకి పడుద్ది, కానీ రోజంతా ఖాళీగా కూర్చోవడం 108 చేసినవాడికి అంత తేలిక కాదు. బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ అని గుండె ఆగినప్పుడు ఏం చేయాలో నేర్పే కోర్సులుంటాయి, వాటి కార్డులు రెండేళ్ళే చెల్లుతాయి, ఉద్యోగం మారే ముందు తీసుకోండి, ముందే తీసుకుని బీరువాలో పెట్టుకుంటే డబ్బు దండగ.

గల్ఫ్ వెళ్ళాలనుకునేవాళ్ళు ఇది చూడండి. అక్కడ లైసెన్స్ కావాలి, డేటాఫ్లో అని మీ సర్టిఫికెట్లు, అనుభవం మీ కాలేజీని, మీ కంపెనీని అడిగి సరిచూస్తారు, తర్వాత ప్రొమెట్రిక్ లాంటి పరీక్ష. ఇందాక చెప్పింది ఇక్కడే అడ్డం పడుద్ది, సంబంధం లేని డిగ్రీతో ఎన్నేళ్ళు బండెక్కినా పారామెడిక్ లైసెన్స్ రాదు, నర్సింగ్ వాళ్ళు నర్సుగా వెళ్తారు, అది వేరే దారి. ఏజెంట్ల దగ్గరికి వెళ్తే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈమైగ్రేట్‌లో రిజిస్ట్రేషన్ ఉందా చూడండి, రూల్ ప్రకారం వాళ్ళు తీసుకోగలిగేది 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకన్నా ఎక్కువ అడిగితే లేచి వచ్చేయండి.

ఆఖర్ది, చిన్నదిగానే ఉంటది కానీ దీనివల్ల ఇబ్బంది పడేవాళ్ళు చాలామంది. నడిపే సంస్థ మారినప్పుడల్లా మనుషులు అదే, బండి అదే, కంపెనీ పేరు మాత్రం మారుద్ది. పాతవాళ్ళు వెళ్ళిపోయే ముందే ఎక్స్‌పీరియెన్స్ లెటర్ తీసుకోండి, తర్వాత ఫోన్ ఎత్తేవాడుండడు, డేటాఫ్లో వాళ్ళు ఈమెయిల్ చేస్తే బదులిచ్చేవాడుండడు. పీఎఫ్‌కి కొత్త కంపెనీ కొత్త యూఏఎన్ (మీ పేరు మీద ఉండే పీఎఫ్ నంబర్) తెరవకుండా పాత నంబరే ఇవ్వండి, పాత ఖాతాలో డబ్బు దానికి ట్రాన్స్‌ఫర్ పెట్టండి, మీరు మానేసిన తేదీ పాతవాళ్ళు ఆన్‌లైన్లో ఎక్కించారో లేదో చూసుకోండి, అది ఎక్కకపోతే ట్రాన్స్‌ఫర్ ముందుకు కదలదు. జీతం స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్, ట్రైనింగ్ సర్టిఫికెట్ ఫొటోలు తీసి మీ మెయిల్‌కి మీరే పంపుకోండి, ఫోన్ బురదలో పడే ఉద్యోగం ఇది.